ఒక్కపాలి కొట్టినాను

కృపావతి టీచరు ఇరవై ఆరేళ్ళుగా ఇంగ్లీషు పాఠాలు చెబుతోంది. అయినా తెలుగు బొత్తిగా రాని మనిషి ఎదుట నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాల్సిన అవసరం ఆమెకు ఒక్కసారీ రాలేదు. వచ్చినా తప్పించుకుంది. అరకు చూడ్డానికి వచ్చిన ఢిల్లీవాళ్ళో బెంగాలీవాళ్ళో కారు ఆపి దారి అడిగితే, చెయ్యి అటు చూపించి గబగబా నడిచిపోయేది. గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో మాత్రం ఆమె పేరు గ్రామర్ టీచర్. ఆమె దగ్గర చదివి పదో తరగతి ఇంగ్లీషులో తప్పిన పిల్ల లేదు. ఆ పేరు వెనకాల ఎంత భయం దాగి ఉందో ఆమెకొక్కదానికే తెలుసు.

నవంబరు చివర్లో ఒక ఉదయం ఆమె తొమ్మిదో తరగతిలో సెమీ మోడల్స్ పాఠం చెబుతోంది. బోర్డు మీద నాలుగు మాటలు రాసింది. నీడ్, డేర్, ఆట్ టు, యూజ్డ్ టు. బయట మంచు ఇంకా విడలేదు. పిల్లలు స్వెట్టర్ల చేతుల్లోకి వేళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

"యూజ్డ్ టు ఎప్పుడు వాడతాం, గంగా?"

రెండో వరసలో గంగ లేచింది. "మునుపు అలవాటుగా చేసేవాళ్ళం, ఇప్పుడు మానేశాం అన్నప్పుడు టీచర్."

"ఒక్కసారే చేసిన పనికి వాడొచ్చా?"

"వాడకూడదు టీచర్. దానికి ఉత్త పాస్ట్ టెన్సే. మా తాత పులిని చూశాడు. యూజ్డ్ టు సీ అంటే రోజూ చూసేవాడని అయిపోద్ది."

క్లాసంతా నవ్వింది. కృపావతీ నవ్వింది. సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చి, "టీచర్ గారూ, ఒకసారి రండి, మీకోసం వచ్చారు" అని పిలిచింది.

వచ్చినవాడు ప్రేమ్‌కుమార్. పార్వతీపురం కుర్రాడు, ముప్పై ఏళ్ళుండవు. చింతలగుడ కాఫీ రైతుల సంఘానికి మేనేజరు. మందులు కొట్టకుండా పండించిన కాఫీ అని సంఘానికి ఒక సర్టిఫికెట్ ఉంది. ఏడాదికోసారి బయటినుంచి ఇనస్పెక్టరు వచ్చి, పన్నెండుగురు రైతులను తనే ఏరుకుని, ప్రశ్నలడిగి, తోటలు చూసి, రాసుకుని పోతాడు. ఆయనకు తెలుగు రాదు. సంఘంలో జీతం తీసుకునేవాళ్ళెవరూ ఆయనకు మాటలు అనువదించి చెప్పకూడదని నియమం. ఏటా బయటినుంచి వచ్చి ఆ పని చేసి పెట్టే గాయత్రికి నిన్నటినుంచి మలేరియా జ్వరం.

"ఇనస్పెక్టరు ఊళ్ళోకి వచ్చేశారు మేడమ్. ఇవాళ చూడకపోతే మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు. పళ్ళేమో కోతకొచ్చేశాయి. ఈ చుట్టుపట్ల మీకంటే ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?"

హెడ్మిస్ట్రెస్ ముందు కాదనలేకపోయింది కృపావతి. కాదంటే ఎందుకో చెప్పాలి.

బైకు వెనక కూర్చుని ఘాటు రోడ్డు ఎక్కుతున్నంతసేపూ ఆమె పెదాలు కదుపుతూనే ఉంది. ప్రార్థన చేస్తోందనుకున్నాడు ప్రేమ్‌కుమార్. సగం ప్రార్థనే, సగం వాక్యాలు. గుడ్ మార్నింగ్ సర్. మై నేమ్ ఈజ్ కృపావతి. పొలాల్లో వలిసె పూలు పచ్చగా పరుచుకుని ఉన్నాయి. ఆమె కళ్ళకు అవేవీ ఆనలేదు.

"సర్టిఫికెట్ పోతే ఏమవుతుంది బాబూ?" అని మధ్యలో అడిగింది.

"విదేశాలవాళ్ళు కొనరు మేడమ్. సంతలో షావుకారు ఎంతంటే అంతకి పొయ్యాల్సిందే. నలభై మూడు ఇళ్ళు." గేరు మార్చి మళ్ళీ అన్నాడు. "మీరేం భయపడకండి. అందరికీ ఒకే ప్రశ్నలు. జవాబులు కూడా ఒకటే."

ఇనస్పెక్టరు పేరు చెంగప్ప. కొడగు మనిషి. అరవై దాటాయి. తెల్ల మీసం, పాత టోపీ, మోకాలికి పట్టీ. తనది కూడా కాఫీ పండించే కుటుంబమేనని, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. కృపావతి మొదటి వాక్యం అప్పజెప్పినట్టు అనేసింది. రెండో వాక్యం సగంలో ఆగింది. ఆయన ఓపిగ్గా ఆగాడు. ముగ్గురు రైతులయ్యేసరికి ఆమెకొక వింత తెలిసొచ్చింది. తన నోట్లోంచి వస్తున్నది ఎదుటి మనిషికి అర్థమవుతోంది. ఆయన తల ఊపుతున్నాడు, రాసుకుంటున్నాడు. ఆరో రైతు దగ్గర ఆయన ఏదో హాస్యమాడితే ఆమె నవ్వింది కూడా, ఎవరూ తెలుగులో చెప్పకుండానే.

ప్రేమ్‌కుమార్ అన్నట్టే జవాబులన్నీ ఒకటే.

"మునుపు కొట్టీవోలం. సంఘంలో సేరినాక మానీసినాం."

"దే యూజ్డ్ టు స్ప్రే, సర్. నౌ దే డోంట్."

పెద్ద రైతు పైడయ్య దగ్గరనుంచి మొదలుపెట్టి పదకొండు ఇళ్ళూ అలాగే సాగాయి. ఒక్కొక్కరూ కాగితం కింద సంతకమో వేలిముద్రో పెట్టారు. పన్నెండోది ఊరి పైభాగాన ఉన్న సోములమ్మ ఇల్లు.

సోములమ్మను కృపావతి ఎరుగును, అక్క వరస కలిపి అప్పా అని పిలుస్తుంది. ఆమె కూతురు రత్న ఈమె దగ్గరే చదువుకుని, ఇప్పుడు రంపచోడవరంలో నర్సుగా ఉంది. భర్త పోయి నాలుగేళ్ళయింది. ఎకరన్నర కాఫీ తోట ఒక్కతే చూసుకుంటోంది. వచ్చినవాళ్ళకు అరుగు మీద గోనెసంచి పరిచి, తలా ఒక గ్లాసు చోడంబలి ఇచ్చి, కొంగుకు చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

కృపావతి ప్రశ్న తెలుగులో చెప్పింది.

సోములమ్మ తడుముకోలేదు. "మా ఇంటాయన ఉన్నప్పుడు మందు కొట్టీవోలం. సంఘంలో సేరినాక మానీసినాం. నిరుడు మటుకు ఒక్కపాలి కొట్టినాను బాబూ. గెడ్డ పక్క వరస. పురుగు మొదళ్ళు తొలిసీసి సెట్లు కళ్ళెదుటే ఎండిపోతంటే సూడలేకపోనాను. సంతలో సీసా కొనుక్కొచ్చి నానే కొట్టినాను. మరింక ముట్టనేదు."

ప్రేమ్‌కుమార్ చేతిలోని గ్లాసు ఆగిపోయింది. చెంగప్ప కలం పట్టుకుని కృపావతి వైపు చూస్తున్నాడు. "మందు అన్నారు కదా. మా వైపు మద్దు అంటారు. మందేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఎస్ సర్. మెడిసిన్," అంది కృపావతి.

ప్రేమ్‌కుమార్ మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు. ఆ నవ్వుతోనే, అంబలి గురించి మాట్లాడుతున్నట్టు, తెలుగులో అన్నాడు. "మేడమ్, నవ్వుతూ వినండి. ఆ నిరుటి ముక్క వదిలెయ్యండి. యూజ్డ్ టు అని చెప్పెయ్యండి, అందరికీ చెప్పినట్టే. అదీ పాస్టే కదా. అబద్ధం కూడా కాదు. లేకపోతే నలభై మూడు ఇళ్ళూ మునిగిపోతాయి."

ఎంత తేలిక మాట! పొద్దున పిల్లలకు తానే గీత గీసి చూపించింది. గీతకు ఇటు పక్క అలవాటు, అటు పక్క ఒక్కసారి జరిగినది. ఇప్పుడు ఆ గీత మీద ఒక అడుగు జరిగితే చాలు, అందరి పనీ అయిపోతుంది. చెంగప్ప గడియారం చూసుకున్నాడు.

"షి యూజ్డ్ టు స్ప్రే, సర్," అంది. సరిపోలేదనిపించి, "షి అండ్ హర్ హస్బెండ్. లాంగ్ బ్యాక్" అని కలిపింది.

చెంగప్ప రాసుకున్నాడు. కాగితం సోములమ్మ ముందుకు తోశాడు. సోములమ్మ కలం పట్టుకుని, సంతకం పెట్టే చోట వేలు ఆన్చి, తలెత్తింది.

"నా మాటేనా ఇందల రాసినారు, టీచరమ్మా?"

"ఆఁ, అప్పా," అంది కృపావతి.

సోములమ్మ వంకర అక్షరాలతో నిదానంగా తన పేరు రాసింది.

ప్రశ్నలన్నీ అయ్యాక, తోటల్లో మొదట దగ్గరున్న సోములమ్మ తోటకు బయల్దేరారు. దారి నిట్టనిలువు. చెంగప్ప మోకాలి నొప్పితో ప్రేమ్‌కుమార్ భుజం పట్టుకుని ముందు నడుస్తున్నాడు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల కింద, కాఫీ కొమ్మలు ఎర్రటి పళ్ళతో వంగి ఉన్నాయి. కృపావతి వెనకబడింది. కాళ్ళు బరువెక్కి కాదు. సోములమ్మ పక్కన నడవడం ఇష్టంలేక. కానీ సోములమ్మ కూడా అడుగు తగ్గించింది.

"నాను నాలుగు మాటలు సెప్తే నువ్వు రెండే సెప్పినావు," అంది సోములమ్మ, దారి చూస్తూనే.

కృపావతి దారికి అడ్డమొచ్చిన కొమ్మను పక్కకు జరిపింది.

"హస్బెండ్ అన్నావు. ఆ మాట నాకెరికే, మా గుంట సెప్పింది. మా ఇంటాయన ఊసెందుకొచ్చింది అందల?"

"అది... మునుపటి సంగతి చెప్పాను అప్పా."

"నిరుటి సంగతి?"

గెడ్డలో నీళ్ళ చప్పుడు దగ్గరవుతోంది. కృపావతి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని రాళ్ళు చూసుకుంటూ అడుగులు వేసింది. అబద్ధం మరొకటి ఆడదామన్నా రాలేదు.

"సెప్పనేదు," అంది సోములమ్మ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "నాను సేసిన పనికి ఆయన్ని అడ్డెట్టినావు. సచ్చిపోయినోడు వొచ్చి కాదంటాడా? ఆయన ఉంటే నన్ను కొట్టనిచ్చీవోడు కాదు. ఆ మడిసి మీద ఎట్టి, కింద నా సేత సంతకం ఎట్టించినావు."

"నలభై మూడు ఇళ్ళు అప్పా. నీ ఒక్కదాని గురించే కాదు."

"మరైతే నన్నడగాల కదా. సోములమ్మా, ఇలాగుంది, దాసీమంతావా అని అడగాల కదా."

అంతే. ఇంకేమీ అనకుండా గబగబా ఎక్కి ముందుకు వెళ్ళిపోయింది.

కృపావతి రాళ్ళ మధ్య ఆగిపోయింది. అడగనే లేదు. నిజమే. సోములమ్మ నోట్లోని మాట తీసి, తన మాట పెట్టి, దాని కింద ఆమె పేరు రాయించింది. ఎవరైనా తన పరీక్ష పేపరులో జవాబు మార్చి తన పేరే ఉంచితే ఊరుకుంటుందా?

తోటలో చెంగప్ప చెట్టు చెట్టుకూ ఆగుతున్నాడు. చేతిలో చిన్న కత్తి. మొదలు మీద వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. బెరడు కొంచెం గీకి చూస్తాడు. పై వరసల్లో నాలుగైదు చోట్ల కాండం తొలిచిన గుర్తులు కనిపించాయి. రెండు చెట్లు ఆకులు పండి వేలాడుతున్నాయి. ఆయన రాసుకుంటూ కిందికి దిగాడు. గెడ్డ పక్క వరస దగ్గర ఆగాడు.

ఆ వరసలో ముప్పై చెట్ల దాకా ఉన్నాయి. ఒక్కదాని ఆకూ పండలేదు. ఆయన ఒకటి తట్టాడు, రెండు తట్టాడు. బెరడు గీకితే లోపల పాత బొరియ కనిపించింది. దానిలోంచి కత్తి మొనతో ఎండిన పురుగును ఒకదాన్ని బయటికి తీసి, అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఈ వరస చాలా బాగుంది," అన్నాడు. "పక్క వరసలు పోతున్నాయి. ఇదెందుకు పోలేదు?"

"సున్నం పూశాం సర్," అన్నాడు ప్రేమ్‌కుమార్ వెంటనే, ఇంగ్లీషులో. "మొదళ్ళకి సున్నం."

"నేను ఆమెని అడిగాను," అన్నాడు చెంగప్ప. సోములమ్మ వైపు చెయ్యి చూపించాడు. చూపు మాత్రం కృపావతి మీదే ఉంది.

కృపావతి ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చింది. ఒక్క మాటా తప్పకుండా మార్చింది. సోములమ్మ కాసేపు చెట్ల వైపు, కాసేపు ఈమె వైపు చూసింది.

"నా మాట నాను పొద్దునే సెప్పీసినాను. ఇంక సెప్పాల్సింది నువ్వే," అంది.

ప్రేమ్‌కుమార్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు. కృపావతి నోరు తెరిచింది. పొద్దుటినుంచి ధారాళంగా వచ్చిన ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా దొరకలేదు. సబ్జెక్టు ఏది, వెర్బు ఏది? కొంగు వేళ్ళకు చుట్టుకుంది.

"సర్," అంది. "ఐ మేడ్ ఎ మిస్టేక్."

చెంగప్ప కాగితాలు తిరగేశాడు. "ఏ తప్పు?"

"షి డిడ్ నాట్ సే యూజ్డ్ టు. షి సెడ్, ఐ స్ప్రేడ్. వన్ టైమ్. లాస్ట్ ఇయర్. దిస్ రో. నాట్ హర్ హస్బెండ్. షి."

ఆయన అరచేతిలోని పురుగును కింద పడేసి, చెయ్యి పాంటుకు తుడుచుకున్నాడు. మొహంలో కోపం లేదు. అదే కృపావతిని భయపెట్టింది.

ప్రేమ్‌కుమార్ అడ్డం వచ్చాడు. "సర్, ఆవిడకి ఇంగ్లీషు అంతగా రాదు సర్. ఊళ్ళో టీచరు. ఎప్పుడూ మాట్లాడిన అలవాటు లేదు. టెన్స్ దగ్గర కన్‌ఫ్యూజ్ అయ్యారు, అంతే. ఇందులో సంఘం తప్పు ఏమీ లేదు." ఆ తర్వాత తెలుగులో, గొంతు తగ్గించి, "అవునని చెప్పండి మేడమ్. దండం పెడతాను. తప్పు మాట్లాడానని చెబితే ఎవరికీ ఏమీ కాదు" అన్నాడు.

చెంగప్ప ఆమెను అడిగాడు. "అంతేనా? టెన్స్ తప్పారా?"

కృపావతికి చెంప మీద కొట్టినట్టయింది. ఇరవై ఆరేళ్ళుగా ఏ మాట ఎవరి నోటినుంచైనా వినాల్సి వస్తుందని భయపడిందో ఆ మాటే ఇది. ఇంగ్లీషు రాదు. అవునంటే అయిపోతుంది. సోములమ్మ నిజం ఎలాగూ బయటపడింది. తన అబద్ధం మాత్రం పొరపాటుగా మారిపోతుంది. రాని పిల్ల చేసిన తప్పులా అందరూ క్షమించేస్తారు. అటువంటి తప్పులకు తాను రోజూ ఎర్ర ఇంకుతో సున్నా చుడుతుంది, మర్నాటికి మర్చిపోతుంది.

"నో సర్," అంది. "ఐ నో మై టెన్సెస్. ఐ చేంజ్డ్ ఇట్."

ప్రేమ్‌కుమార్ తల పట్టుకుని పక్కకు తిరిగిపోయాడు.

చెంగప్ప ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు. ఒక మనిషి మాట మార్చారు, మిగతా పదకొండు మంది మాట మార్చలేదని నాకెలా తెలుస్తుంది, అని అడిగాడు. మార్చలేదని కృపావతికి తెలుసు. కానీ ఇప్పుడు తన మాటకు విలువేముంది?

ఆయన ఇనస్పెక్షను ఆపేస్తాననలేదు, కొనసాగిస్తాననీ అనలేదు. ఫోన్ తీసి చూశాడు. సిగ్నల్ లేదు. ఊరి పైన ఉన్న బండ మీద మాత్రం వస్తుందని సోములమ్మ చెప్పింది, సైగలతో. ఆయన కుంటుకుంటూ అక్కడికి ఎక్కి, తన ఆఫీసులో తెలుగు వచ్చిన మనిషికి ఫోన్ చేశాడు. ఆ తర్వాత పదకొండు మందినీ మళ్ళీ పిలిపించమన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైంది. పళ్ళు కోస్తున్నవాళ్ళు బుట్టలు దింపి, ఒకరి తర్వాత ఒకరు బండ ఎక్కారు. చెంగప్ప ఫోన్ వాళ్ళ చేతికిస్తాడు. అవతలినుంచి ఎవరో తెలుగులో అడుగుతారు. వీళ్ళు చెప్తారు. మళ్ళీ ఫోన్ ఆయన చేతికి వెళ్తుంది. ఆయన పొద్దున రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని, మాట మాటా సరిచూసుకుంటాడు. కృపావతిని దూరంగా కూర్చోమన్నాడు. ఎవరితోనూ మాట్లాడొద్దన్నాడు.

ఎందుకు రెండోసారి పిలిచారో ఊరంతా క్షణాల్లో తెలిసిపోయింది. అందరికంటే పెద్దవాడు పైడయ్య ఫోన్ మాట్లాడి దిగొస్తూ ఆమె ముందు ఆగాడు.

"ఏటమ్మా, పిల్లలకి సదువు సెప్పమంటే మా పొట్టలు కొట్టడానికొచ్చినావా? ఆ మేనేజరు గుంటడు సెప్పినట్టు సెప్పీసుంటే పోనాది కదా. లేదా మొదలే ఉన్నదున్నట్టు సెప్పాల. అటూ కాక ఇటూ కాక ఇదేటి?"

ఆమె తల దించుకుంది. మాట్లాడొద్దన్నారు కాబట్టి సరిపోయింది. మాట్లాడమన్నా ఏం చెప్పగలిగేది కాదు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఒకరి జవాబుకు, రాసుకున్నదానికి తేడా వచ్చింది. చెంగప్ప కనుబొమలు ముడిచి, మళ్ళీ అడిగించాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు దగ్గరికి జరిగారు. పోలయ్య అనే రైతు మందు మానేసి ఆరేళ్ళని పొద్దున చెప్పాడట, ఇప్పుడు ఏడంటున్నాడు. "మా సిన్నోడు పుట్టిన ఏడు బాబూ, లెక్కెట్టుకోండి మీరే" అని పోలయ్య ఫోన్‌లో అరిచాడు. పిల్లాడి వయసు అడిగి, సరేనని ఆయన టిక్కు పెట్టాడు. దూరంగా కూర్చున్న కృపావతి పొద్దుటి మాటలు నెమరువేసుకుంది. ఆరేళ్ళని చెప్పింది పోలయ్యేనా, లేక తానే తప్పు విన్నదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ రోజు ఆమెకు అన్నిటికంటే భయం వేసింది అప్పుడే.

నాలుగు దాటాక చివరగా సోములమ్మ వంతు వచ్చింది. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని, పొద్దున ఏ మాటలన్నదో ఆ మాటలే అంది. మునుపు కొట్టీవోలం. మానీసినాం. నిరుడు ఒక్కపాలి కొట్టినాను. అవతలి మనిషి ఎందుకు దాచలేదని అడిగినట్టున్నాడు. "అడిగినారు, సెప్పినాను. దాయమని నాకెవులు సెప్పినారు?" అంది.

చెంగప్ప పాత కాగితం కొట్టేసి కొత్తది రాశాడు. సోములమ్మ ఫోన్‌లో ఆ కాగితం మొత్తం తెలుగులో చదివించుకుని విన్నాకే సంతకం పెట్టింది.

వెళ్ళేముందు ఆయన కృపావతి దగ్గరికి వచ్చాడు. తన రిపోర్టులో ఆమె చేసింది రాయాల్సి ఉంటుందన్నాడు, మార్చినదీ, తర్వాత ఒప్పుకున్నదీ రెండూ. ఆమె తల ఊపింది. "యువర్ ఇంగ్లీష్ ఈజ్ గుడ్," అని ఒక్క మాట అని జీపెక్కాడు. మెచ్చుకున్నాడో తప్పుపట్టాడో ఆమెకు తెలియలేదు.

ప్రేమ్‌కుమార్ ఆమెను బైకు ఎక్కమనలేదు. ఆమె అడగలేదు. నాలుగు కిలోమీటర్లు దిగి రోడ్డు మీద సర్వీసు ఆటో పట్టుకుంది.

మూడు వారాలపాటు ఏ కబురూ రాలేదు. ఆ మూడు వారాలు కృపావతి బడిలో ప్రతి ఫోన్ మోతకూ ఉలిక్కిపడింది. చింతలగుడ పిల్లలు హాస్టల్లో ఏడుగురున్నారు. వాళ్ళ మొహాల్లో ఏదైనా కనిపిస్తుందేమోనని చూసేది. క్రిస్మస్ ముందు ఆదివారం చర్చి బయట గాయత్రి కలిసింది, జ్వరం తగ్గి చిక్కిపోయి ఉంది. ఆమే చెప్పింది.

సంఘం సర్టిఫికెట్ నిలిచింది. రైతు తనంతట తానే చెప్పింది, మిగతావాళ్ళ మాటలన్నీ సరిపోయాయి కాబట్టి గట్టి హెచ్చరికతో వదిలారు. వచ్చే ఏడు పన్నెండు మందిని కాదు, నలభై మూడు మందినీ చూస్తారట. సోములమ్మ తోట మాత్రం మూడేళ్ళు లెక్కలోకి రాదు. ఆమె పళ్ళు సంఘం తీసుకోదు. ప్రేమ్‌కుమార్‌ను ఇనస్పెక్షన్ల పనినుంచి తప్పించి గిడ్డంగికి మార్చారు. కృపావతిని ఇక ఎప్పుడూ అనువాదానికి పిలవకూడదని రిపోర్టులో ఒక వాక్యం ఉంది.

"దాచేసి ఉంటే?" అని అడిగింది కృపావతి.

"మందుకు చచ్చిన ఆ పురుగును చూశాక ఆయన దేన్నీ నమ్మేవాడు కాదు టీచర్. మొత్తం పోయేది." గాయత్రి శాలువా దగ్గరికి లాక్కుంది. "అది మీకప్పుడు తెలీదు కదా."

"తెలీదు," అంది కృపావతి.

సెలవులిచ్చిన మర్నాడు ఆమె చింతలగుడ వెళ్ళింది. దారిలో పైడయ్య కోడలు ఎదురై, చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుని పోయింది. సోములమ్మ ఇంటి దగ్గర లేదు. కొండ మీద పై వరసల్లో ఒక్కతే కోస్తోంది. నడుముకు బుట్ట కట్టుకుని, పండిన పళ్ళు మాత్రమే ఏరి, పచ్చివి వదిలేస్తోంది. ఆ పళ్ళు ఇప్పుడు సంతకే పోతాయి. అక్కడ పచ్చి, పండు తేడా ఎవరూ చూడరు.

"అప్పా," అంది కృపావతి.

సోములమ్మ వెనక్కి తిరగలేదు. "మూడేళ్ళంట. ఇన్నావా?"

"విన్నాను. నావల్లే..."

"నీవల్ల కాదు. మందు నాను కొట్టినాను. మూడేళ్ళు నావే." కొమ్మ వదిలింది. "నువ్వు సేసింది అది కాదు. నా మాటేనా అనడిగితే ఆఁ అన్నావు సూడు. నా మొగం సూసి అన్నావు. ఆ కోపం మటుకు నాకు పోనేదు. ఎప్పుడు పోతాదో కూడా సెప్పలేను."

కృపావతి చెప్పాల్సినవి చాలా అనుకుని వచ్చింది. దారి పొడుగునా కూర్చుకుంది. ఇప్పుడు వాటిలో ఒక్కటీ పనికొచ్చేదిగా కనిపించలేదు.

"పోకపోయినా పరవాలేదు అప్పా," అంది.

సోములమ్మ అప్పుడు తిరిగి చూసింది. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర అంచు బురదై, బిక్కమొగం వేసుకుని నిలబడ్డ టీచరును పైనుంచి కిందిదాకా చూసింది.

"అలాగ నిలబడి సూత్తావేటి? ఆ పై కొమ్మ నాకందదు. వొంచి పట్టు. బేగి పట్టు, ఎండెక్కిపోతంది."

కృపావతి చెప్పులు చెట్టు మొదట్లో వదిలి, కొమ్మ అందుకుని వంచింది.